బొమ్మలు - వర్ణం - సౌందర్య ప్రమాణం

దేశంలో తిండికీ, చదువుకీ, పనికీ ఇంత కరువుండగా ఆడపిల్లల ఆటబొమ్మల రంగును గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. అయితే ఇదే ప్రశ్నను ఒకప్పుడు స్త్రీల సమస్య విషయంలోనూ, కుల సమస్య విషయంలోనూ అడిగినవాళ్ళున్నారు. ముందు పునాది మారనివ్వండి, ఉపరితలం దానంతటదే మారుతుందన్నారు. పునాది ఎంతో కొంత మారిన చోట్ల కూడా ఉపరితలం దానంతటది మారలేదని అనుభవం చెబుతున్నది. మనుషులు ఒకరినొకరు ఏ కళ్ళతో చూసుకుంటారన్నది చిన్న విషయం కాదు. ఆ చూపు ఎక్కడ తయారవుతున్నదో వెతుక్కుంటూ పోతే, బడికన్నా ముందు, పుస్తకంకన్నా ముందు, బొమ్మ కనిపిస్తుంది.

బిడ్డకు అక్షరాలు రాకముందే చేతికి వచ్చే మనిషి రూపం బొమ్మ. బిడ్డ దాన్ని ఎత్తుకుంటుంది, తల దువ్వుతుంది, పేరు పెడుతుంది, పెళ్ళి చేస్తుంది. ఎత్తుకోదగిన ముఖం ఎలా ఉంటుందో, ముస్తాబు చెయ్యదగిన ఒళ్ళు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటుంది. బజారులో దొరికే బొమ్మలన్నీ ఒకే రంగులో ఉండి, ఆ రంగు తన రంగు కాకపోతే ఆ బిడ్డ నేర్చుకునేదేమిటి? దీనికి మార్కెట్టు ఈ మధ్య ఒక జవాబు తయారు చేసింది. అన్ని రంగుల బొమ్మలూ చేస్తున్నాం, ఎవరి రంగు బొమ్మను వాళ్ళు కొనుక్కోండి అంటున్నది. ఇంతటితో ఆ బిడ్డకు న్యాయం జరిగినట్టేనా? ఈ వ్యాసంలో విచారించదలచింది ఈ ప్రశ్నను.

ముందుగా మన భాష సంగతి చూద్దాం. తెలుగులో ఆటవస్తువు బొమ్మ, విగ్రహం బొమ్మ, పుస్తకంలో చిత్రం బొమ్మ, సినిమా కూడా బొమ్మే. వీటితోపాటు అందమైన ఆడపిల్ల కూడా బొమ్మే. ‘కుందనపు బొమ్మ’ అంటాం, ‘బంగారు బొమ్మ’ అంటాం. మెచ్చుకోడానికి వాడే ఈ మాటల్లో రెండు సంగతులున్నాయి. ఒకటి, మెచ్చదగిన ఒంటి రంగు బంగారం రంగు. రెండు, బొమ్మ తనను తాను చేసుకోదు. ఇంకొకరు చేస్తారు, ఇంకొకరు వెల కడతారు. ఈ రెండో సంగతి ఎంత దారుణమైనదో గురజాడ ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’లో చూపించాడు. కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చింది. దాన్ని నిషేధిస్తూ 1961లో చట్టం వచ్చింది. చట్టం ఉన్నది, కట్నమూ ఉన్నది, పెళ్ళి బేరంలో పిల్ల రంగుకు లెక్క కూడా ఉన్నది.

ఆ బేరానికి ఒక పరిభాష ఉంది. తెల్లని పిల్లను ‘ఎర్రగా ఉంది’ అంటాం. అంత ఎరుపు కాకపోతే ‘చామనచాయ’ అంటాం. నల్లని పిల్లను నల్లన అనటానికి మొహమాటపడి ‘కాస్త రంగు తక్కువ’ అంటాం. ఈ చివరి మాటను గమనించాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ నల్లని ఒంట్లో ఎక్కువ ఉంటుందిగాని తక్కువ ఉండదు. శాస్త్రం ప్రకారం రంగు ఎక్కువైన పిల్లను మన భాష రంగు తక్కువైన పిల్ల అంటున్నది. తక్కువైంది రంగు కాదు, పెళ్ళి మార్కెట్టులో ధర. ఆ తక్కువను పూడ్చటానికి తండ్రి కట్నం ఎక్కువ ఇచ్చుకోవాలి. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అన్న సామెత ఉంది గదా అనవచ్చు. అది ఓదార్పు మాట. ఎర్రని పిల్లను ఓదార్చటానికి ఎవరూ సామెత కట్టలేదు. మహాభారతంలో ద్రౌపదికి కృష్ణ అని పేరు, ఆమె నల్లనిది కనక. కాలెండర్లలోనూ సినిమాల్లోనూ మనం చూసే ద్రౌపది నల్లగా ఉండదు. ఇక ‘వర్ణం’ అన్న ఒకే మాటకు మన భాషలో రంగు అనీ, మనుషుల అంతరువు అనీ రెండర్థాలున్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఒంటి రంగు తేడాలు ఎక్కడినుంచి వచ్చాయన్న విషయం మీద ముఖ్యమైన పరిశోధన ఒకటి హైదరాబాదు తూర్పు వైపునే జరిగింది. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీద, నాచారానికి దారి చీలే హబ్సిగూడలో, సి.సి.ఎం.బి. అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. 1977లో ఏర్పడిన ఈ సంస్థకు వ్యవస్థాపక డైరెక్టరు పుష్ప మిత్ర భార్గవ. శాస్త్రీయ దృక్పథం కోసం జీవితాంతం వాదించిన ఆయన 2017లో చనిపోయాడు. ఈ సంస్థకు చెందిన తంగరాజ్, ఇతర దేశాల శాస్త్రజ్ఞులతో కలిసి 2013లో ఒక పరిశోధన ప్రకటించాడు. దక్షిణ భారతంలో 1,228 మంది చర్మం రంగును పరికరంతో కొలిచి, వాళ్ళ జన్యువులను పరిశీలించారు. ఒక్క జన్యువులో ఒక్కచోట వచ్చిన మార్పు, ఆ మనుషుల రంగుల మధ్య ఉన్న తేడాలో సుమారు 27 శాతానికి కారణమని తేలింది. దేశం మొత్తం మీద 54 జనసమూహాలకు చెందిన 1,573 మందిలో వెతికితే ఆ మార్పు విస్తారంగా కనిపించింది. కొన్ని సమూహాల్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. యూరపువాళ్ళ తెలుపుకు కారణమైన మార్పూ, మనవాళ్ళలో కనిపించే మార్పూ ఒకే మూలం నుంచి వచ్చాయనీ, ఆ మూలం సుమారు 22 వేల నుంచి 28 వేల సంవత్సరాల కిందటిదనీ వాళ్ళు లెక్క కట్టారు.

దీన్నిబట్టి మనం తెలుసుకోవలసిందేమిటి? తెలుపు ఎవరి ఘనతా కాదు, నలుపు ఎవరి లోపమూ కాదు. ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు ఎర్రగా, ఇంకొకరు నల్లగా పుట్టటం మనం చూస్తూనే ఉన్నాం. ప్రకృతి తేడా ఇచ్చింది. ఆ తేడాకు వెల కట్టింది మనుషులు. వెల మనుషులు కట్టిందే అయితే అన్ని చోట్లా, అన్ని కాలాల్లో ఒక్కటిగా ఉండవలసిన అవసరం లేదు. ఆ సంస్థ ఉన్న హబ్సిగూడ పేరులోనే ‘హబ్షీ’ అన్న మాట వినిపిస్తుంది. అబిసీనియా, అంటే నేటి ఇథియోపియా వైపు నుంచి వచ్చిన ఆఫ్రికన్లను దక్కనులో హబ్షీలనేవాళ్ళు. బానిసగా అమ్ముడై వచ్చిన హబ్షీ మాలిక్ అంబర్ అహమద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, మొగలాయీ సేనలను ఎదిరించి, 1626లో మరణించాడు. ఆ కాలం సమానత్వపు కాలమని కాదు. నలుపు అంటే ఎప్పటికీ సేవకుడి రంగేనన్న నమ్మకం చరిత్రకు నిలవదని చెప్పటానికి మాత్రమే ఈ ఉదాహరణ.

వెల కట్టటం పిల్లల మనసులోకి ఎంత చిన్న వయసులో దిగుతుందో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నీగ్రో దంపతులు—అప్పటి మాట అది, ఇప్పుడు నల్లజాతివారంటున్నాం—బొమ్మలతోనే నిరూపించారు. వాళ్ళు మనస్తత్వ శాస్త్రజ్ఞులు. మూడు నుంచి ఏడేళ్ళ వయసున్న 253 మంది నల్ల పిల్లలకు రంగులో తప్ప ఇంకెందులోనూ తేడా లేని బొమ్మలు చూపించి, మంచి బొమ్మ ఏది, ఆడుకోడానికి ఏది కావాలి, చెడ్డగా కనిపించేది ఏది అని అడిగారు. సుమారు మూడింట రెండువంతుల మంది ఆడుకోడానికి తెల్ల బొమ్మను కోరారు. నీలాగా ఉన్న బొమ్మ ఏదని చివర్లో అడిగినప్పుడు కొందరు పిల్లలు ఏడ్చారు. బడుల్లో జాతి వివక్ష చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పులో క్లార్క్ పరిశోధనను పేర్కొన్నారు.

ఇందులో సాధారణంగా ఎవరూ ఎత్తని అంశం ఒకటుంది. వేరు బడుల్లో చదివే దక్షిణాది పిల్లలకన్నా, తెల్లపిల్లలతో కలిసి చదివే ఉత్తరాది నల్ల పిల్లలు తెల్ల బొమ్మను ఇంకా ఎక్కువగా కోరారు. ఒకే బెంచీ మీద కూచోబెట్టినంత మాత్రాన ప్రమాణం మారలేదన్నమాట. బెంచీ అవసరం లేదని దీనికి అర్థం కాదు. బెంచీ చాలదని అర్థం. అలాగే నల్ల బొమ్మ కూడా క్లార్క్ దంపతుల బల్ల మీద ఉండనే ఉంది. ఉన్నా పిల్లలు దాన్ని తీసుకోలేదు. అందుచేత, బొమ్మ అందుబాటులో ఉంటే చాలునన్న మార్కెట్టు జవాబు ఎనభై ఏళ్ళ కిందటే తప్పని తేలింది.

ఇక ముస్తాబు బొమ్మల సంగతికి వద్దాం. వీటిలో ప్రపంచమంతా ఎరిగినది బార్బీ. 1959 మార్చిలో న్యూయార్కు బొమ్మల ప్రదర్శనలో మాటెల్ కంపెనీ దీన్ని బయటపెట్టింది. దీనికి మాతృక 1955 నుంచి జర్మనీలో అమ్ముడైన ‘లిల్లీ’ అనే బొమ్మ. అది ఒక పత్రికలోని వ్యంగ్యచిత్రం నుంచి పుట్టి, పెద్దవాళ్ళ కోసం తయారైనది. మగవాడి వినోదానికి తీర్చిన ఒంటి కొలతలు ఆ విధంగా ఆడపిల్లల ఆటలోకి వచ్చాయి. 1967లో ఆ కంపెనీ మొదటిసారిగా ఒక నల్ల బొమ్మను తెచ్చింది. బార్బీకి చెల్లెలి వరస అయిన ఫ్రాన్సీ అనే తెల్ల బొమ్మ అచ్చులోనే గోధుమరంగు పోసి, ‘రంగు ఫ్రాన్సీ’ అని పేరు పెట్టారు. ముక్కు మారలేదు, పెదవి మారలేదు. 1968లో క్రిస్టీ అనే నల్ల బొమ్మ వచ్చింది. అది బార్బీకి స్నేహితురాలు. నల్ల బొమ్మకు బార్బీ అన్న పేరే దక్కటం 1980లో, కిట్టీ బ్లాక్ పెర్కిన్స్ అనే నల్లజాతి రూపకర్త చేతిమీదుగా జరిగింది. అంటే రంగు రావటానికి ఎనిమిదేళ్ళు, నాయిక పేరు రావటానికి ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది.

రంగు ముందుగా, రూపం తరవాతగా ఎందుకు మారింది? ఇది కేవలం కంపెనీవాళ్ళ మనసులకు సంబంధించిన విషయం కాదు. ఉత్పత్తికి సంబంధించిన విషయం. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో ప్లాస్టిక్ పని చేసే కార్మికుణ్ణి ఎవరిని అడిగినా ఈ సంగతి చెబుతాడు. ప్లాస్టిక్ వస్తువుకు రంగు మార్చటానికి ముడిసరుకులో కలిపే రంగు గుళికలు మారిస్తే చాలు. నూటికి కొద్దిపాళ్ళు కలిపితే సరిపోతుంది. మిషను అదే, పని అదే. ఆకారం మారాలంటే డై మార్చాలి. డై అంటే ఉక్కులో చెక్కవలసిన అచ్చు. దానికి పెద్ద పెట్టుబడి కావాలి, ఆ పెట్టుబడి తిరిగి రావటానికి వేలకొద్దీ నగలు ఒకే రూపంలో అమ్ముడుపోవాలి. కాబట్టి పెట్టుబడిదారు ముందుగా మార్చేది రంగు. అచ్చును తప్పనిసరి అయితేగాని మార్చడు. మన భాషలో అచ్చుకు ‘మూస’ అన్న మాట కూడా ఉంది. మూస అన్న మాటను మనం ఆలోచనలకు కూడా వాడుతున్నాం. ఆలోచనల విషయంలోనూ జరిగేది ఇదే. పైరంగు మార్చటం చౌక, మూస మార్చటం ఖరీదు.

ఈ సూత్రాన్ని పట్టుకుని మన దేశంలో జరిగినవి చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. 1980 దశకం చివరినుంచి బార్బీ మన దేశంలో తయారవుతూ వచ్చింది. చీర కట్టారు, బొట్టు పెట్టారు, గాజులు తొడిగారు. ఒళ్ళు మాత్రం అదే ఒళ్ళు. 2016లో మాటెల్ కంపెనీ ఏడు చర్మపు రంగులనూ, పాతదానికి తోడు మూడు కొత్త ఒంటి తీరులనూ ప్రకటించింది. తొలి బొమ్మ వచ్చిన 57 ఏళ్ళకు మూస కొంత కదిలింది. తల్లుల విమర్శా, పడిపోతున్న అమ్మకాలూ కదిలించాయి. 2022లో అమెరికాలో అలంకరణ సామాగ్రి వ్యాపారం చేసే దీపికా ముత్యాల సహకారంతో దక్షిణాసియా రూపం గల బొమ్మ వచ్చింది. తెలుగు ఇంటిపేరు గల ఆ యువతి పెరిగిన కాలంలో అమెరికా దుకాణాల్లో ఆమె ఒంటి రంగుకు సరిపడే పూతలే అరుదు. చామనచాయ ముఖం, చెవులకు జుంకాలు, ఒంటి మీద కోటు. ఆ బొమ్మకు ఇచ్చిన హోదా కంపెనీ అధినేత్రి. 2024లో దీపావళి పేరున అనితా డోంగ్రే రూపొందించిన దుస్తులతో ఇంకో బొమ్మ వచ్చింది.

ఇవి వట్టి మోసమని కొట్టిపారెయ్యటం నా ఉద్దేశం కాదు. తన ముఖంలాంటి ముఖం అంగడిలో మొదటిసారి చూసిన పిల్ల సంతోషం నిజమైనదే. అయితే ఏ మెట్టు మీద ఆ ముఖానికి చోటిచ్చారో కూడా చూడాలి. నల్లని పిల్ల కంపెనీ యజమాని అయితే బొమ్మ అవుతుంది. నాచారంలో బట్టలు కుట్టే కర్మాగారానికి పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుపోయే నల్లని పిల్ల బొమ్మ కాలేదు. రంగుకు ప్రాతినిధ్యం దొరికింది, శ్రమకు దొరకలేదు.

మనకు దగ్గరలో ఉన్నవాటినే తీసుకోండి. ఉప్పల్ నుంచి నాచారం దాకా బట్టల దుకాణాల ముందు నిలబెట్టిన నిలువెత్తు బొమ్మలను చూడండి. చాలావాటి రంగు ఆ రోడ్డు మీద నడిచే ఏ మనిషి రంగూ కాదు. దుకాణంలో పనిచేసే అమ్మాయి రోజూ పొద్దున ఆ తెల్ల బొమ్మకు చీర కట్టి, కుచ్చెళ్ళు సర్ది, పక్కన నిలబడుతుంది. ఆ చీర కొనేవాళ్ళు ఆ అమ్మాయిలాంటివాళ్ళే. అయినా చీర అందం చూపటానికి ఆమె ఒళ్ళు పనికిరాదనుకున్నారు. సినిమాల్లో ఇంకో పద్ధతి ఉంది. శ్రమజీవి పాత్ర కావలసివచ్చినప్పుడు తెల్లని తారకు ముదురు రంగు పూస్తారు. 2021లో వచ్చిన ‘పుష్ప’లో కూలీ వేషం వేసిన నాయకుడికీ, పల్లెటూరి నాయికకూ అలాగే చేశారు. 1967 నాటి ‘రంగు ఫ్రాన్సీ’కీ దీనికీ తేడా లేదు. మూస అదే, పైన గోధుమరంగు. పుట్టుకతో ఆ రంగు గల నటికి మాత్రం ఆ వేషం దొరకదు. ముఖం తెల్లబరచే లేపనం ఒకటి 1975 నుంచి ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అన్న పేరుతో అమ్ముడై, 2020లో విమర్శకు తట్టుకోలేక ‘గ్లో అండ్ లవ్లీ’గా మారింది. ఇక్కడ రంగు కూడా మారలేదు, పేరు మారింది.

దీనికి స్వదేశీ బొమ్మలే విరుగుడని వాదించేవాళ్ళున్నారు. 2020లో కేంద్ర ప్రభుత్వం బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెంచింది. దీనివల్ల దేశంలోని తయారీదారులకు కొంత రక్షణ దొరకవచ్చు. పిల్లల మనసులకు దొరుకుతుందని చెప్పలేం. విదేశీ మూసలో దేశీ పెట్టుబడి పోసినా వచ్చేది అదే బొమ్మ.

మరి మన కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలో? కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అవయవాలు అతికి, రంగులు వేస్తారు. నిర్మల్‌లోనూ పొణికి కర్రే. ఏటికొప్పాకలో అంకుడు కర్ర, లక్క. ప్రతి బొమ్మా చేతి పని కనక ఉక్కు అచ్చుకు లేని స్వేచ్ఛ ఇక్కడ ఉంది. అంతకన్నా ముఖ్యంగా, కొండపల్లి బొమ్మల్లో పనిచేసే మనుషులున్నారు. తాటిచెట్టెక్కే గీతకార్మికుడున్నాడు, ఎడ్లబండి తోలే రైతున్నాడు, చల్ల చిలికే ఆడది ఉంది. శ్రమను బొమ్మగా చెయ్యదగిన విషయమని మన పల్లె కళాకారుడు గుర్తించాడు. ఇది చిన్న విషయం కాదు.

కాని ఈ బొమ్మలు ఎక్కడికి చేరాయి? బొమ్మల కొలువులోకి. కొలువులో మెట్లుంటాయి. సాధారణంగా పై మెట్ల మీద దేవుళ్ళు, రాజులు. కింది మెట్టు మీద గీతకార్మికుడు, రైతు, అమ్ముకునేవాడు. ఎవరి వృత్తి వారిదే, ఎవరి మెట్టు వారిదే. కొలువు పెట్టే ఇళ్ళు కూడా అన్ని కులాల ఇళ్ళూ కావు. కూలి చేసుకునే తల్లి బిడ్డ గుడ్డపీలికలతోనూ, మట్టితోనూ, తాటాకుతోనూ బొమ్మ చేసుకుంది. ఆ బొమ్మ రంగు పీలిక రంగు. అందులో వర్ణ వివక్ష లేదు నిజమే. కాని అది లేమి వల్ల వచ్చిన సమానత్వం. దాన్ని ఆదర్శంగా చూపి, ఆ బిడ్డ అంగడి బొమ్మ కోసం ఏడవటం తప్పని బోధించటం మనకు తగదు. ప్లాస్టిక్ మూసను తప్పించుకోబోయి కొలువు మెట్ల మూసలో పడటం అభ్యుదయం కాదు.

ఇంతకూ ప్రశ్న అలాగే మిగిలింది. పిల్ల చేతికి ఆమె రంగు బొమ్మ ఇవ్వటం న్యాయమా కాదా? న్యాయమే, కాని న్యాయంలో మొదటి భాగం. ఇక్కడ రెండు కోరికలను విడదీసి చూడాలి. నన్నూ అందమైనవాళ్ళలో లెక్కించండి అన్నది మొదటి కోరిక. నన్ను అందంతో లెక్కించకండి అన్నది రెండోది. మొదటిది కొలబద్దను విశాలం చెయ్యమంటుంది. రెండోది మనిషి విలువను ఆ కొలబద్దతో కొలవటమే మానమంటుంది. రెండోదే లోతైన కోరిక అనటంలో సందేహం లేదు. మగపిల్లవాడి విషయంలో అది చాలావరకు నెరవేరింది కూడా. వాడి చదువూ, ఉద్యోగమూ చూసిన తరవాతగాని రంగు సంగతి ఎవరూ ఎత్తరు.

మన మిత్రుల్లో కొందరు నేరుగా రెండోదానికి పోదామంటారు. అందం గొడవ బూర్జువా గొడవ, మన పిల్లలకు బొమ్మల బదులు పుస్తకాలిద్దామంటారు. ఈ మాట అనేవాళ్ళు చాలామంది మొదటి కోరిక తీరినవాళ్ళు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవాడికి ఉపవాసం బోధించినట్టుంటుంది. ఏనాడూ అందగత్తె అనిపించుకోని పిల్లతో అందం ముఖ్యం కాదమ్మా అంటే, అది ఆమెకు సిద్ధాంతంగా వినిపించదు, ఇంకో సామెతగా వినిపిస్తుంది. ఆ కొలబద్దను తిరస్కరించే హక్కు ఆమెకు రావాలంటే, అది తనను అన్యాయంగా కొలిచిందని ముందు అందరూ ఒప్పుకోవాలి. అందుచేత మొదటి కోరికను చులకన చెయ్యకూడదు, దానితో ఆగిపోనూకూడదు. మార్కెట్టు చేసే మోసం ఏమిటంటే మొదటిదాన్ని చిల్లరగా చెల్లించి రెండోదాన్ని రద్దు చెయ్యటం. ఏడు రంగులు వచ్చాయి గదా, ఇంకేం కావాలి, కొనుక్కో అంటుంది. కొలవటం మాత్రం మానదు. ఏడు రంగుల పిల్లలనూ కొలుస్తుంది.

ఈ దృష్టితో చూస్తే ఏ బొమ్మనైనా పరీక్షించటానికి రంగొక్కటే చాలదు. మూడు ప్రశ్నలు వెయ్యాలి. దాని మూస మారిందా? ఆటలో దానికి ఏ పాత్ర దొరుకుతున్నది? దాన్ని ఎవరు, ఏ పరిస్థితుల్లో చేస్తున్నారు?

పాత్ర సంగతి బడిపంతుళ్ళకు బాగా తెలియాలి. పిల్లలు బొమ్మల పెళ్ళి ఆడేటప్పుడు పెళ్ళికూతురు ఏ బొమ్మ, వంటమనిషి ఏ బొమ్మ అని గమనిస్తే చాలు. నల్ల బొమ్మ పెట్టెలో ఉండి కూడా ఎప్పుడూ పనిమనిషే అవుతుంటే, ఆ పెట్టెలో ప్రాతినిధ్యం ఉన్నా సమానత్వం లేదు. బడి వార్షికోత్సవంలో భారతమాత వేషం ఏ రంగు పిల్లకు ఇస్తున్నామో, గిరిజన వేషం ఏ రంగు పిల్లకు ఇస్తున్నామో కూడా గుర్తు చేసుకోవాలి. అక్కడ మూస మనమే. దాన్ని మార్చటానికి ఉక్కు చెక్కనక్కరలేదు, పెట్టుబడీ అక్కరలేదు.

మూడో ప్రశ్న శ్రమకు సంబంధించింది. తొలి బార్బీలు జపాన్‌లో తయారయ్యాయి. వాటి చిన్నిచిన్ని దుస్తులను అక్కడి ఆడవాళ్ళు ఇళ్ళలో కూచుని కుట్టారు. కూలి పెరిగిన కొద్దీ పని చౌక కూలి దేశాలకు జరుగుతూ పోయింది. 1993 మే 10న థాయిలాండ్‌లో, బ్యాంకాక్ దగ్గర, కేడర్ బొమ్మల కర్మాగారంలో మంటలు లేచి 188 మంది చనిపోయారు. దాదాపు అందరూ పడుచు ఆడవాళ్ళు. తప్పించుకోబోతే కొన్ని తలుపులకు తాళాలున్నాయి. అమెరికా పిల్లల కోసం వాళ్ళు చేస్తున్నవి మెత్తని బొమ్మలు, ఎత్తుకోదగిన బొమ్మలు. వాళ్ళ ముఖాలను బొమ్మలుగా చెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఒకవేళ వచ్చి, థాయి ముఖంతో బొమ్మ చేసి ఉన్నా, ఆ తాళం ఉండేదే. నల్లని పిల్లకు నల్ల బొమ్మ కావాలన్న కోరికా, ఆ బొమ్మను చేసే నల్లని చేతులకు తెరిచిన తలుపు కావాలన్న కోరికా వేరువేరు కావు. మొదటిదాన్ని మాత్రమే అడిగేవాడు కొనుగోలుదారు. రెండింటినీ కలిపి అడిగేవాడు పౌరుడు.

చివరగా మన రచయితల విషయం. బొమ్మల కంపెనీల మూసలను మనం మార్చలేకపోవచ్చు, మన మూసలను మార్చగలం. మన కథల్లో శ్రామిక స్త్రీని వర్ణించవలసి వచ్చినప్పుడు ‘నల్లగా ఉన్నా కళగల ముఖం’ అని రాయటం పరిపాటి. అభ్యుదయ రచయితలమనుకునేవాళ్ళం కూడా దీనికి అతీతులం కాము. ఎర్రగా ఉన్నా కళగల ముఖం అని ఎవరమైనా రాశామా? ‘ఉన్నా’ అన్న ఆ చిన్న మాటలో పెళ్ళి బేరపు పరిభాష అంతా ఉంది. రంగు తక్కువ, కళ ఎక్కువ వేసి సరిపెట్టుకొమ్మంటున్నది. బొమ్మకు రంగు పూసినట్టుగానే మనం కథకు శ్రామికవర్గపు రంగు పూసి, లోపల పాత అచ్చునే వాడుతున్నాం.

పిల్లల కోసం రాసే కథల్లోనైనా ఈ మాటను మానుదాం. నల్లని పిల్లను నల్లని పిల్ల అని రాద్దాం, సమాధానం చెప్పుకోకుండా. ఆమె ఏం చేసిందో రాద్దాం. ఉప్పల్లోనో నాచారంలోనో ఆ కథ చదివిన పిల్ల, తన ముఖం సంగతి ఎక్కడా ప్రస్తావనకు రాకుండానే కథ అయిపోయిందని గమనించకపోతే, మన పని కొంత నెరవేరినట్టు.